కింద సగం

"నా కంఠంలో ప్రాణముండగా ఆ ఫోటో గోడ దిగదు," అంది పెద్దావిడ.

"ఎవరికో ఇచ్చేయమన్నామా అమ్మా? సైన్యంలో చేరి తిరిగిరాని మన ఊరివాళ్ళ కోసం లైబ్రరీలో ఒక గది కట్టారు. అందరి ఫోటోలూ పెట్టి, పక్కనే వాళ్ళ కథలు రాస్తారట. అందులో అన్నయ్య ఒక్కడే లేకపోతే ఎలా?" అన్నాడు కొడుకు.

పొద్దున కాఫీలప్పుడు మొదలైన వాదన, గిన్నెలు కడిగే వేళకీ తెగలేదు.

"ఫోటో వెళ్తే ఇంకో లాభం కూడా ఉందత్తయ్యా. గొడుగావిడ రాక తప్పుతుంది," అంది కోడలు.

మనవరాలు కిసుక్కున నవ్వింది.

ఎండైనా వానైనా ఆవిడ చేతిలో నల్ల గొడుగుండేది. ఎప్పుడో ఒక రోజు వచ్చి, "మీ అబ్బాయి ఫోటో ఒకసారి చూడొచ్చా?" అనడిగింది. అప్పట్నుంచీ వస్తూనే ఉంది.

ఫోటోలో పెద్దబ్బాయి యూనిఫాంలో, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉంటాడు. అతను సరిహద్దులో పోయాక, "సెలవులకి వచ్చినప్పుడు తీయించుకున్నాడట," అంటూ తండ్రి స్టూడియో నుంచి తెచ్చి తగిలించాడు. ఇప్పుడు ఆ తండ్రీ లేడు.

"మావాణ్ణి ఎరుగుదువా?" అని పెద్దావిడ మొదట్లో అడిగింది.

"లేదమ్మా. మీరు చెప్పండి, వింటాను."

ఇంకేం కావాలి? బ్రేకుల్లేని సైకిల్‌ని కాలితో ఆపి వాడు చెప్పులరగదీయడం, గోళ్ళు కొరకొద్దని వేళ్ళకి చేదుమందు రాస్తే ఆ చేదూ నాకేసి మళ్ళీ కొరకడం, అన్నీ చెప్పేది పెద్దావిడ. ఎన్నిసార్లు చెప్పినా గొడుగావిడ మొదటిసారి విన్నట్టే నవ్వేది.

వెళ్ళేముందు చేతిరుమాలు తీసి ఫోటో అద్దం తుడిచేది.

"తుడిచేదేదో పూర్తిగా తుడవచ్చుగా! ఎప్పుడూ కింద సగమే," అని కోడలు విసుక్కునేది.

"పైకి చెయ్యి అందదేమోలే," అనేది పెద్దావిడ.

ఆ వాదన జరిగిన వారంలోనే, అత్తగారు కునుకు తీస్తుండగా గొడుగావిడ వచ్చింది. లోపల గోడ మీదున్న ఫోటో కనపడకుండా కోడలు గేటు దగ్గరే ఆపేసింది.

"ఫోటో లేదండీ. లైబ్రరీకి ఇచ్చేశాం."

ఆవిడ గేటు మీంచి ఇంటివైపు చూసింది.

"అక్కడ అందరికీ కనిపించేలా పెడతారామ్మా?"

"ఆఁ, పెడతారు."

"మంచిపని చేశారు," అని వెనక్కి తిరిగింది. అంత ఎండలోనూ గొడుగు విప్పడం మర్చిపోయింది.

మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి బట్టలు ఇవ్వడానికొచ్చిన ఇస్త్రీ మనిషి చెప్పింది. "గొడుగావిడ పోయిందమ్మా, ఆస్పత్రిలో. నా అన్నవాళ్ళు ఒక్కరూ లేరట."

కోడలు ఇస్త్రీ బట్టలు మంచం మీద పెట్టింది. తీసింది. మళ్ళీ అక్కడే పెట్టింది.

చివరికి కొడుకు ఒక మధ్యేమార్గం ఆలోచించాడు. ఫోటో ఇంట్లోనే ఉంటుంది, లైబ్రరీకి దాని నకలు వెళ్తుంది. స్టూడియో అతన్ని ఇంటికే పిలిపించాడు.

అతను ఫోటో ముందు నిలబడి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఇది అతుకు ఫోటోనండీ. మా నాన్న చేసిన పనే. కాలర్ దగ్గర చూడండి, సన్నగా గీత. ముఖం మీ అబ్బాయిది, ఒళ్ళు ఇంకెవరిదో. యూనిఫాంలో ఫోటో లేనివాళ్ళకి అప్పట్లో అలా చేసిచ్చేవారు."

కొడుకు కళ్ళతో వారిస్తూనే ఉన్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

పెద్దావిడ ఇల్లెగిరిపోయేలా అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"మీ నాన్నగారు ఉన్నారా బాబూ?"

"ఉన్నారండీ. మంచం దిగలేరు గానీ, జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు."

"ఒకసారి ఫోను కలుపు."

ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి వెళ్ళింది. "ఊఁ... ఊఁ..." అన్న ముక్క తప్ప లోపలికేమీ వినపడలేదు.

తిరిగొచ్చి ఫోటో ముందు నిలబడింది. చీర కొంగుతో అద్దం తుడిచింది.

కింద సగమే.

రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక నోరు విప్పింది.

"నకలొద్దు. ఈ ఫోటోనే లైబ్రరీకి ఇచ్చేయండి. కింద రెండు పేర్లు రాయించండి."

"రెండా?" అన్నాడు కొడుకు.

"గోళ్ళు కొరికి కొరికి మొండిచేసుకున్న వేళ్ళు వాడివి. ఫోటోలో ఉన్నవి వాడి చేతులు కావని నాకు మొదటి రోజే తెలుసు. మీ నాన్న ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ చేతుల అబ్బాయీ ఈ ఊరివాడే. వాడూ తిరిగి రాలేదు. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోటో, స్టూడియోలో నెగెటివులూ అన్నీ వరదలో పోయాయి. మిగిలింది మన గోడ మీద ఉన్నదేనని వాళ్ళమ్మకి ఆ స్టూడియో పెద్దాయనే చెప్పాడట."

కోడలు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"మరి అతని కథ ఏమని రాయించాలి నానమ్మా?" మనవరాలు మెల్లగా అడిగింది.

"ఏం తెలుసని రాయిస్తాం! నేను నా కొడుకు కబుర్లు గంపలకొద్దీ చెప్పానే గానీ, నీకు పిల్లలున్నారా అని ఒక్కనాడూ అడగలేదు. చెబితే నావాడు నాకు సగమే మిగులుతాడని ఆవిడా నోరు విప్పలేదు."

పెద్దావిడ కంచం పక్కకి జరిపింది.

"మనకి తెలిసిన ఒక్క ముక్కే రాయించండి. వాళ్ళమ్మ గొడుగేసుకుని మనింటికి వచ్చి, కొడుకు చేతులు చూసుకుని వెళ్ళేదని."