బాంబే అబ్బాయి

ఫిలడెల్ఫియాలో బస్సు దిగినా దేవకుమార్‌ని నిద్ర ఇంకా వదల్లేదు.

1981 అక్టోబరు. తెనాలి నుంచి అమెరికాలోని ర్యాలీ అనే ఊరికి ఎమ్మెస్ చదవడానికి వచ్చి రెండు నెలలు. వారాంతానికి ఇంకో సెలవు కలిసొచ్చింది. శనివారం ఫిలడెల్ఫియా, ఆదివారం బోస్టన్, సోమవారం తిరుగు బస్సు. స్కూల్లో చరిత్ర పుస్తకంలో చూసిన ఊళ్లు అవి.

ఎర్ర ఇటుకల ఇళ్ల మీద పల్చటి పొగమంచు. రాళ్లు పరిచిన సందుల్లో గుర్రాల డెక్కల చప్పుడు. పసుపు రంగు ఆకులు నేల మీదికి దిగడానికి కూడా తొందరపడటం లేదు.

నడుస్తున్నాడో, కల కంటున్నాడో అతనికే తెలియలేదు.

ఆ మైకంలోనే దారి తప్పాడు.

"గంట చూడ్డానికేనా?" ఎవరో ఇంగ్లీషులో అడిగారు.

బెంచీ మీద ఒక తెల్లావిడ. డెబ్బై దాటి ఉంటాయి.

"అవునండీ. లిబర్టీ బెల్."

"అటు కాదు, ఇటు. పద, చూపిస్తాను."

వద్దనేలోపే లేచింది. కాళ్లు నొప్పులేమో, మెల్లగా అడుగులు వేస్తోంది. ఆమె కోసం అతనూ మెల్లగా నడవాల్సి వచ్చింది.

అద్దాల గదిలో ఉంది, అమెరికా స్వాతంత్ర్యం నాటి గంట. పైనుంచి కిందికి పగులు.

"చెయ్యి వేసి చూడు. ఏమీ అనరు."

వేశాడు. చల్లగా తగిలింది. రెండు వందల ఏళ్ల కిందటి పొద్దు ఏదో అరచేతిలోకి పాకినట్టయింది. చుట్టూ ఉన్న జనం ఎక్కడో దూరంగా మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది.

బయటికి వచ్చాక ఆమె అడిగింది.

"ఇండియా కదా? ఏ ఊరు?"

రెండు నెలల్లో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నాడో! తెనాలి అంటే అదెక్కడ అంటారు. ఆంధ్రా అంటే మళ్లీ అదెక్కడ అంటారు. చెప్పి చెప్పి విసిగిపోయి ఈమధ్య ఒకటే జవాబు పెట్టుకున్నాడు.

"బాంబే."

"ఓ... బాంబేనా." ఆమె గొంతు తగ్గింది. "అమ్మానాన్నలది కూడా అదేనా?"

"అవును."

"ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు?"

ఒకసారి నోరు జారాక ఇంకేం చేస్తాడు?

"హిందీ."

ఆమె ఇంకేదో అడగబోయి ఆగిపోయింది.

ఎదురుగా యాత్రికుల గుర్రపుబండి కదలబోతోంది. "థాంక్యూ మేడమ్" అనేసి పరుగెత్తి ఎక్కేశాడు.

బండి మలుపు తిరుగుతుండగా ఒకసారి వెనక్కి చూశాడు. చీర కట్టుకున్న ఒకావిడ అటు వస్తోంది. ముసలావిడ తన కాళ్ల నొప్పులు మరిచిపోయినట్టు ఆవిడకి ఎదురు వెళుతోంది.

పాపం, ఏమీ తోచక కాబోలు అనుకున్నాడు.

మర్నాడు బోస్టన్ రేవులో తెరచాపల ఓడల్ని చూస్తూ పొద్దంతా నిలబడిపోయాడు. ఆవిడ గుర్తుకే రాలేదు.

ఆ చలికాలం గడిచి ఏప్రిల్ వచ్చింది.

ర్యాలీ పక్కనే ఉన్న క్యారీలో సుందర్ రాజ్ గారింట్లో నెలకోసారి తెలుగు ప్రార్థన. చుట్టుపక్కల నాలుగైదు కుటుంబాలు వస్తాయి. ఆ ఆదివారం దేవకుమార్ కూడా వెళ్లాడు. సుందర్ రాజ్ తల్లి కరుణమ్మ అప్పుడే ఇండియా నుంచి వచ్చింది. రేపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది.

భోజనాలయ్యాక ఆమె దేవకుమార్‌ని పక్కన కూచోబెట్టుకుంది.

"బాబూ, నువ్వు తెలుగు చదువుతావుగా? మా మనవలకి రాదు. మావాడేమో 'తర్వాత చదువుతా, ఆఫీస్ వర్క్ ఉంది' అంటాడు. నాకా, కళ్లజోడు పెట్టినా అక్షరం ఆనదు."

మడతలు నలిగిన నీలం ఎయిర్ లెటర్ అతని చేతిలో పెట్టింది.

"మా డాక్టరమ్మ, రూతమ్మగారిది. ఈవిణ్ణి చూడాలనే నేను విమానం ఎక్కాను. వచ్చాక మావాడు ఫోన్ చేస్తే తెలిసింది. జనవరిలోనే పోయిందంట. ఇదే ఆఖరి ఉత్తరం. ఇంకోసారి వినాలనుంది, చదువు నాయనా."

గుండ్రటి తెలుగు అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు. దేవకుమార్ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"కరుణా, ఒక్కో మాటా మర్చిపోతున్నానే. మొన్న 'వంకాయ' అనే మాట గుర్తుకు రాక పొద్దంతా ఏడ్చాను. ఇక్కడ నాతో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే శనివారం శనివారం లిబర్టీ బెల్ దగ్గరికి పోయి కూచుంటున్నాను. ఇండియావాళ్లు వస్తుంటారు కదా, ఒక్కరైనా మనవాళ్లు తగలకపోతారా అని ఆశ. మొన్న ఒక అబ్బాయి వచ్చాడు. ముఖం చూసి మన గుంటూరు జిల్లా పిల్లాడే అనుకున్నాను. బాంబే అట. అయినా మంచి పిల్లాడు. నా కోసం ఎంత మెల్లగా నడిచాడో..."

దేవకుమార్ అక్కడే ఆపి, ఆ వాక్యాలే మళ్లీ మొదట్నుంచి చూసుకున్నాడు.

"ఆగావేం బాబూ? రాత తెలియడం లేదా?"

"తెలుస్తోందమ్మా."

ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"అమెరికా ఆవిడ... ఇంత బాగా తెలుగు ఎలా నేర్చుకున్నారమ్మా?"

కరుణమ్మ అతనికేసి వింతగా చూసింది.

"నేర్చుకోవడమేంటి బాబూ, మిషన్ దొరల బిడ్డ, ఆవిడ పుట్టింది మా రేపల్లెలోనే! చదువుకున్న నాలుగేళ్లు తప్ప బతుకంతా అక్కడే. వీసా అయిపోయిందని ముసలితనంలో పంపిస్తే, 'మా ఊరు ఎప్పుడు పోతానో' అని ఏడుస్తూ ఈ పరాయి దేశం వచ్చింది."