చీకట్లో నడిచిన కథ

జుహైర్ పోయాక, అతను సగంలో వదిలిన ఆటను ముగిద్దామని మేం ముగ్గురం బీరూట్‌లో లమీస్ ఇంట్లో కూర్చున్నాం. ఏళ్ల తరబడి అతనే కథ నడిపేవాడు. మేం పాచికలు వేస్తూ అందులో పాత్రలుగా బతికేవాళ్లం. ఆ రాత్రి కథ చెబుతున్నది తౌఫీక్.

నా పాత్ర పాడుబావిలో పడిపోయిన ఘట్టంలో కరెంటు పోయింది. చీకట్లో కుర్చీ జరిగింది. కాసేపటికి పాచిక దొర్లిన చప్పుడైంది.

"బావి గోడకి మెట్లున్నాయి, పిచ్చిదానా. తడుముకుంటూ పైకి రా. నిన్నిక్కడ వదిలేసి పోతాననుకున్నావా?"

తౌఫీక్ ఇంత బాగా చెప్పగలడని నేననుకోలేదు. ఒక్కో మెట్టే ఎక్కాను. పైనున్న ఊరినీ, మాకోసం కాచి ఉంచిన కాఫీనీ ఆ గొంతు నెమ్మదిగా వర్ణిస్తోంది. జుహైర్ పోయిన తర్వాత మొదటిసారి నా గుండె తేలికపడింది.

అంతలో వీధి తలుపు తెరుచుకుంది.

"కింద కొట్లో కొవ్వొత్తులు లేవర్రా, పక్క వీధిదాకా పోవాల్సొచ్చింది," అన్నాడు తౌఫీక్ గుమ్మంలోంచి. "నేను లేకుండా ఏం చేస్తున్నారు?"

బల్లకింద లమీస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను అగ్గిపుల్ల తీస్తున్నాడు.

"ఇప్పుడే వెలిగించకు," అంది లమీస్ మెల్లగా. "వాణ్ణి కథ పూర్తి చెయ్యనీ."