ముప్ఫై లోపు

"ఇక చాలు బాబాయ్. రేపటి నుంచి ఈ గదికి తాళమే," అంటూ డాక్టరమ్మ ఫైలును బల్లమీద పడేసింది.

ఎలుకల బోను కడుగుతున్న చెయ్యి ఆగిపోయింది. పరిశోధనశాలలో ఎలుకలను సాకే అతన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

"అదేంటమ్మా? మందు పనిచెయ్యలేదా?"

"ఎక్కడ చేసింది? రక్తనాళాలను పెంచే ప్రోటీన్ తగ్గితే కండరాలను ఆడించే నరాలు చచ్చి, వీటి కాళ్లు పడిపోతున్నాయి. ఆ ప్రోటీన్‌నే మందుగా ఎక్కించాం. సగం బోనులకు మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్లు. దేనికేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. పొద్దున దేనికేదో రాసి ఉన్న కవరు విప్పి చూద్దును కదా, ఉప్పునీళ్ల ఎలుకలు కూడా టంచనుగా ముప్ఫై లోపే లేచాయి!"

బాబాయ్ బోను కింద పెట్టాడు.

రోజూ అతని పని అదే. ఎలుకను వెల్లకిలా పడుకోబెట్టి ముప్ఫై లెక్కపెట్టాలి. ఆలోగా తిరగబడి లేచిందా, బతికిపోయింది. లేవలేదా, ఆ రోజే దానికి ఆఖరి సూది. ఎలుకకు నోరు లేదు, రూలుకు కళ్లు లేవు. కాగితం చూసేది డాక్టరమ్మ. గిలగిల్లాడే ప్రాణాన్ని చూసేది బాబాయ్.

"అమ్మా... లేవలేనివాటిని నేనే లేపాను. ఇరవై తొమ్మిది దగ్గర చిటికెనవేలితో తోసేవాణ్ణి."

"ఎన్నిటిని?"

"అన్నిటినీ."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "కొంప ముంచావు కదయ్యా! మందు పనిచేసిందో లేదో ఇప్పుడు ఆ దేవుడికి కూడా తెలీదు."

"మళ్లీ మొదలుపెట్టండమ్మా. ఈసారి ముట్టుకోను, ఒట్టు."

"మాటలా? మూడేళ్ల పని! అయినా నీకెందుకయ్యా అంత తొందర?"

బాబాయ్ బోను గడియ వెయ్యబోయాడు. బొటనవేలు వంగలేదు. రెండో చేత్తో వేశాడు. బోనుల్లో గోళ్ల గీకుడు ఇంటిదాకా వెంట వచ్చింది.

తలుపు తీసిన భార్య చేతిలో జేబులోని ఆస్పత్రి కాగితం పెట్టి, నడింట్లో నేలమీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఇదేం వేషం? నేల చల్లగా ఉంది, లే!"

"నాకూ ఆ ఎలుకల రోగమేనట. ముప్ఫై లెక్కపెట్టు. లేవకపోయినా సరే, వేలు మాత్రం ఆనించకు."