త్రాసు మీద దీపం

చిన్న కొట్ల అరువులు కూడా పెద్ద బ్యాంకు అజమాయిషీ కిందికి వచ్చాక దేశంలో ప్రతి త్రాసుకూ ఓ దీపం అమర్చారు. ధరలు మండిపోతుంటే పెద్ద బ్యాంకు దాన్ని ఎర్రగా మార్చేస్తుంది. ఇక అరువుకు చిటికెడు పప్పు కూడా ఆ త్రాసు తూచదు.

తెనాలిలో వజ్రమ్మ కిరాణా కొట్టు దీపం ఎనిమిది నెలలుగా ఎర్రగానే ఉంది. వీధంతా బ్యాంకును తిట్టుకుంటుంటే వజ్రమ్మ మాత్రం లోలోపల దండం పెట్టుకునేది. తీసుకున్నది ఏనాడూ తీర్చని బావగారు వీర్రాజుకు లేదని చెప్పే బాధ తప్పింది మరి. మొగుడి అన్నగారాయె, నోరెలా పెగులుతుంది?

ఈ ఉదయం దీపం పచ్చబడింది. ముందుగా పక్కింటి కుట్టుమిషను మస్తానమ్మ వచ్చింది.

"రెండు కిలోల బియ్యం ఇవ్వక్కా, శుక్రవారానికి తీర్చేస్తా."

వజ్రమ్మ సంతోషంగా తూచి ఇచ్చింది. ఆమె అటు వెళ్ళిందో లేదో, సంచీతో బావగారు ప్రత్యక్షమయ్యాడు. వజ్రమ్మ చేతిలోని తుడుపుగుడ్డ తీసి గబుక్కున దీపం మీద వేసేసింది.

"అమ్మాయ్, రెండు కిలోల జీడిపప్పు తూచు. అరువులు వదిలారటగా!"

"మన కొట్టుకింకా వదల్లేదు బావగారూ. పైవాళ్ళ రూలు, నా చేతుల్లో ఏముంది?"

"బొత్తిగా కనికరం లేని బ్యాంకమ్మా!" అంటూ ఆయన సంచీ మడుచుకుని వెళ్ళిపోయాడు.

అమ్మయ్య అనుకుంది వజ్రమ్మ. సాయంత్రమే మస్తానమ్మను పిలిచి, బియ్యం బాకీ కింద దీపానికి సరిగ్గా పట్టే తొడుగు ఒకటి కుట్టించుకుంది, పల్చటి ఎర్రగుడ్డతో.