గడ్డం గుర్తు

“జబ్బు మనిషి ఉన్న ఇల్లు ఇదేనా?”

కూజాకు తెల్లపూత పూస్తున్న ఫానియాస్ తలెత్తాడు. గుమ్మంలో గుబురు గడ్డంవాడొకడు నిలబడ్డాడు. వీపున మడిచిన రెక్కలున్నాయి. ఫానియాస్ కుంచె కింద పెట్టి లేచాడు.

ఏథెన్స్ కుమ్మరివాడలో సమాధుల దగ్గర పెట్టే నూనె కూజాలకు బొమ్మలు గీయడంలో అతన్ని మించినవాడు లేడు. కవల దేవుళ్ళయిన మృత్యువూ నిద్రా కలిసి శవాన్ని మోసుకెళ్ళే బొమ్మ ఇప్పటికి వెయ్యిసార్లు గీసి ఉంటాడు. గడ్డం ఉన్నవాడు మృత్యువు, నూనూగు మీసమైనా రానివాడు నిద్ర. ఆ గుర్తు వాడలో అందరికీ నేర్పింది అతనే.

పక్కగదిలో అతని భార్య లైసిల్లా మూలుగుతోంది. మూడు రోజుల జ్వరంలో కన్ను మూతపడలేదు. కాస్త కునుకు పడితే గండం గడిచినట్టేనని వైద్యుడు చెప్పి వెళ్ళాడు.

“ఇదేనయ్యా. నువ్వొస్తావని తెలుసు,” అన్నాడు ఫానియాస్.

“తప్పుకో మరి. వెనకే మావాడు వస్తున్నాడు. వాడికంటే ముందు నేను వెళ్ళాలి.”

ఫానియాస్ లోలోపల నవ్వుకున్నాడు. పూర్వం కొరింథు రాజొకడు మృత్యువును గొలుసులతో కట్టిపడేశాడు. రాజుకు చేతనైంది తనకు చేతకాదా?

“వెళుదువుగాని. ఆవిడ ఆ గదిలోనే ఉంది,” అని మట్టి నిలవచేసే గది చూపించాడు. వచ్చినవాడు వంగి లోపల అడుగుపెట్టగానే తలుపు మూసి గడియ వేశాడు.

“పొరపాటు చేస్తున్నావయ్యా. తలుపు తియ్యి.”

“అందరిళ్ళలోనూ ఇదే మాటా? ఆ గడ్డంలో ఒక్కో వెంట్రుకా నాకు తెలుసు. నోర్మూసుకుని కూర్చో.”

కాసేపటికి రెండోవాడు వచ్చాడు. లేత మొహం, అవే రెక్కలు, మెత్తటి నడక. ఫానియాస్ ఎదురెళ్ళి చేయి పట్టుకున్నాడు.

“రా నాయనా, నీకోసమే చూస్తున్నాం. దాన్ని కాస్త పడుకోబెట్టు.”

“ఇంత మర్యాద నాకెక్కడా జరగలేదు,” అంటూ వాడు లైసిల్లా గదిలోకి వెళ్ళాడు.

మూలుగు ఆగింది. ఫానియాస్‌కు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళుగా తన ప్రతి బొమ్మకూ వంకలు పెట్టిన మనిషి. ఆమె లేకపోతే ఇక ఎవరికి చూపించడానికి గీయాలని ఈ మూడు రోజులూ కుమిలిపోయాడు. కళ్ళు తుడుచుకుని మట్టిగది తలుపు తట్టాడు.

“విన్నావా? మా ఆవిడ నిద్రపోయింది. ఇక నీ ఆటలు సాగవు.”

లోపలి నుంచి మెల్లగా జవాబు వచ్చింది.

“నిద్రను నేను.”