గడ ఎక్కిన మనిషి కావాలి

“గడ పక్కకు వంగింది, అస్లం. పైనున్న పిల్లవాడు పడిపోతాడు,” అన్నారు గంగాప్రసాద్ సారు.

నిచ్చెన మీదున్న అస్లం ఫ్రేము సరిచేశాడు. “బొమ్మల పోరడు యాడ పడ్తడు సార్? రెండు వందల ఏండ్ల సంది గట్లనే నిలవడ్డడు.”

సారు నవ్వలేదు. రిటైరైన హిస్టరీ లెక్చరరు, పైగా జగిత్యాల కళాపోషక సంఘానికి అధ్యక్షులు. అంతటివాళ్లు ఊరికే నవ్వరు.

తెల్లవారితే ప్రదర్శన. ఓడలెక్కి లండన్ పోయి ఆటలాడిన మన గారడీవాళ్లవీ, నిలబెట్టిన పొడవాటి వెదురు గడ ఎక్కి విన్యాసాలు చేసేవాళ్లవీ ఇరవై అచ్చుబొమ్మలు. అప్పట్లో అక్కడి దొరలు ముచ్చటపడి అచ్చు వేసుకున్నవి. సారు వాటిని ఇంటర్నెట్ నుంచి దించి, పెద్దవి చేయించి, కోరుట్లలో అస్లం దుకాణంలో బంగారు రంగు ఫ్రేములు కట్టించారు. బొమ్మల్లో ఉన్నవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. సారు పేరు మాత్రం ప్రతి బొమ్మ కింద బొద్దుగా ఉంది.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. “గడ ఎక్కిన చివరి కళాకారుడికి సన్మానం” అని ఆహ్వానపత్రంలో అచ్చయిపోయింది. ఆ చివరి కళాకారుడే ఇంకా దొరకలేదు. ముఖ్య అతిథి శాలువా పట్టుకుని ఖాళీ కుర్చీ ముందు నిలబడితే సారు పరువు గంగలో కలిసినట్టే.

“రాయికల్‌లో పెంటయ్య అని ఒకడున్నాడట, పద,” అని సారు కారు తీశారు. అస్లం ఒక బొమ్మను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

పెంటయ్య సంతలో ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతున్నాడు. బొమ్మ చూడగానే గొంతు తగ్గించాడు.

“మెల్లగ, సార్. నేనెవలో, ఏ కులపోన్నో గిక్కడ ఎవ్వలికి తెల్వది. తెలిస్తె కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యమంటరు.”

“లండన్ మెచ్చిన విద్యకు రాయికల్‌లో సిగ్గా?”

“నేను కిరాయికున్నది లండన్ల గాదు గద సార్.”

పెగడపల్లిలో ఇంకో రెండిళ్లు. వాళ్లు బొమ్మ కూడా చూడకుండానే తలుపు వేసుకున్నారు. కొండగట్టు దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు సారు మండిపడ్డారు.

“కళలు చచ్చేది ఇట్లాంటివాళ్ల వల్లే! కన్నతల్లిని కాదన్నట్టు లేదూ? నేనే ఆ ఇంట పుట్టి ఉంటే ఊరూరా డప్పు వేయించి చెప్పుకునేవాణ్ని.”

అస్లం మనసు కరిగింది. వాళ్ల తాత ఊళ్లు తిరిగి గిన్నెలకు కళాయి పోసేవాడు. ఆ మాట నలుగురిలో చెప్పాలంటే ఇన్నాళ్లూ నామోషీగా ఉండేది. ఇకనుంచి చెప్పుకుంటానని చాయ్ గ్లాసు పట్టుకునే తీర్మానించుకున్నాడు. పెద్ద చదువంటే ఇదీ అనుకున్నాడు.

సారు చాలాసేపు ఆలోచించి, “సిరిసిల్లలో లస్మవ్వ అని ఒకామె ఉంది. ఆమె కాదనదు,” అన్నారు.

“మీకెట్ల తెలుసు సార్?”

“పరిశోధన.”

దారి పొడవునా బొమ్మ మీద పాఠమే. గడ మొదలు కిందివాడి పొట్ట మీద కాదట, నడుముకు చుట్టిన గుడ్డ మడతలో ఆనాలట. పైవాడు కిందికి చూడకూడదట. డోలు దెబ్బను నమ్ముకునే కాలు కదపాలట. ఇదంతా ఏ పుస్తకంలో ఉందని అడుగుదామనుకుని అస్లం ఊరుకున్నాడు. చెబితే మాత్రం తను చదివేదుందా?

బట్ట నేసే సాంచెల చప్పుడు మధ్య సందులు తిరిగి, కారు ఒక రేకుల ఇంటికి కొంత దూరంలో ఆగింది. దుమ్మని సారు అద్దం ఎక్కించుకున్నారు.

“నువ్వే పోయి అడుగు. నాకు మోకాలు పట్టేసింది. నా పేరొద్దు, సంఘం పేరు చెప్పు.”

డెబ్బై దాటిన లస్మవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. అస్లం విషయమంతా చెప్పి బొమ్మ చేతికిచ్చాడు. అందులో డోలు కొడుతున్న ఆడమనిషిని ఆమె వేలితో తడిమింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మేం గూడ గిట్లనే ఆడినం కొడుకా. కోరుట్ల, జగిత్యాల... మేం తిరగని ఊరు లేదు.”

“అయితె రేపు రా అవ్వా. శాలువ కప్పుతరు. మీ అసోంటోళ్లంటె మా సార్ పానం వెడ్తడు. నువ్వేం సిగ్గువడకు.”

“నాకేం సిగ్గు? నేనెవలో గీ వాడకట్టంత ఎర్కనే. గని శాలువ గడ ఎక్కినోళ్లకంటివి గద. నేనెక్కలే. కింద డోలు కొట్టిన.”

అస్లం బొమ్మలో గడ పైనున్న పిల్లవాణ్ని చూపించాడు. “మరి ఎక్కిందెవలు?”

“మా తమ్ముడు. పదేండ్లు వచ్చేదాంక ఎక్కిండు. సదువుకుంటనంటె హాస్టల్ల ఏసిన. ఊరూర డోలు కొట్టి సదివిచ్చిన. కొలువు దొరికినంక మల్ల నా గడప తొక్కలే.”

అస్లంకు ఒళ్లు మండింది. “గంత సదివి గదేం బుద్ధి అవ్వా! మా సార్ ముందట నిలవెడితె కడిగి పారేస్తడు. యాడుంటడో చెప్పు, గిప్పుడే కార్ల పోయి పట్టుకొస్తం.”

లస్మవ్వ సందు చివరికి చూసింది. కారు అద్దం సగం దిగి ఉంది.

“పోవుడెందుకు కొడుకా, గా కార్లనే ఉన్నడు.”