నాలుగో కొస

జోలె దుప్పటికి నాలుగు కొసలు. పట్టుకోవడానికి ఉన్నది ముగ్గురే.

జమ్మలమడుగు బజారులో నడుస్తుంటే నాలుగో కొస వేలాడి, లోపల పడిన చిల్లర రోడ్డు మీదికి జారుతోంది.

ఒక కొస అంకాలమ్మది. గొర్రెలు మేపుకుని బతికే మనిషి. ఇంకోటి మిషను కుట్టే జైనబుది. మూడోది జట్కా తోలే గౌస్ మొహిద్దీన్‌ది.

అంకాలమ్మ చెల్లెలి కూతురు గురమ్మ, మరో ఇద్దరు ఆడపిల్లలు పూణే నుంచి తిరిగొచ్చారు. పనిప్పిస్తామని రైలెక్కించి, అక్కడ అమ్మేశారు వాళ్లను. తిరిగొస్తే ఊరు రానివ్వలేదు. బాడుగకు ఇల్లిచ్చేవాళ్లు లేరు. అందుకే అంకాలమ్మ తన గొర్రెల దొడ్డిలో వాళ్లకు ఇల్లు కట్టాలని పూనుకుంది.

పిల్లల్ని అమ్మినవాడు ఓబుళేశు మనిషి. ఓబుళేశుకు జీపులున్నాయి, బాంబులున్నాయి, రేపో మాపో పార్టీ టికెట్టు రాబోతోంది. ఆయన ఒకటే మాటన్నాడు.

"ఆ ఇంటికి ఇటుకరాయి ఇచ్చినోడు నాకు పగోడు."

అయినా అంకాలమ్మ జోలె పట్టి మొదట వెళ్లింది ఓబుళేశు వీధికే. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ పెద్దిళ్ల ఆడవాళ్లు గడప దాటరు. వాళ్ల ముఖాలు బయట ఎవరికీ తెలియవు.

బజారులోకి వచ్చాక, తెల్లచీర కట్టిన ముసలామె ఒకామె పక్కన చేరింది.

"ఈ కొస నేను పట్టుకుందునా మే?"

"పట్టుకోవ్వా. దిక్కు ల్యాకనే ఈడుస్తాండాం."

అంతలో ఎదురుగా జీపు ఆగింది. దిగినవాళ్ల చేతుల్లో కట్టెలున్నాయి.

అంకాలమ్మ గొంతు లేచింది. "రాండ్రా. దుప్పటి చింపుకోని పోండి. దొడ్డి నాది, నోరు నాది."

వాళ్లు నాలుగడుగులు వేసి ఆగారు. ఒకడు నోట్లో బీడీ కింద పారేశాడు. జీపెక్కి వెళ్లిపోయారు.

"చూస్తివా జైనబూ, నా నోటికి జడిసినారు."

"నీ నోటికి మీ పొట్టేళ్లే జడుస్తాయిలే అక్కా."

ముసలామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పులివెందులలోనూ అదే కథ. జీపు వచ్చింది, ఆగింది, వెనక్కి తిరిగింది. అది చూసి జనం చేతులు జోలె వైపు కదిలాయి.

"నువ్వు ఎవురి పక్క అవ్వా?" గౌస్ అడిగాడు. ఆ సీమలో పేరు కంటే ముందు అడిగే ప్రశ్న అది.

"పక్కలు మొగోళ్లకు గావల్ల. నాకేటికి?"

"ఊరన్నా చెప్పు."

"ఊరు చెప్తే పక్క చెప్పినట్లే గదా నాయనా."

అంకాలమ్మకు అనుమానం అప్పుడే మొలిచింది.

బస్టాండు దగ్గర అది చెట్టయింది. జీపులో మనిషి ఒకడు సోడా పట్టుకుని ముసలామె దగ్గరికి వచ్చాడు.

"ఎండకు తిరగొద్దవ్వా. అన్న రమ్మంటాండాడు."

"రానని చెప్పు పో."

రెండు మాటలూ అంకాలమ్మ విన్నది. రెండోది తన ముందు ఆడిన నాటకం అనుకుంది.

"ఓబుళేశు అంపిస్తే వచ్చినావా నువ్వు? మా మాటలు మోసుకపోయేకి?"

"ఒకరు అంపిస్తే వచ్చేదాన్ని గాదు మే నేను."

"అయితే ఎవురి పక్కో చెప్పు."

"చెప్తే ఈ కొస పట్టుకోనిస్తావా?"

"చెప్పకపోతే పట్టుకోనీను."

ముసలామె కొస వదిలేసింది. "పోతాలే. గోడలు మాత్రం ఆపొద్దు."

మరునాడు ప్రొద్దుటూరు. జీపు ఆగింది. ఈసారి వెనక్కి పోలేదు. దుప్పటి పేలికలైంది. జట్కాకు కట్టిన మైకు పగిలింది. గౌస్ పెదవి చిట్లింది.

"ముసల్ది పోయి చెప్పింటాది," అంది జైనబు.

అంకాలమ్మ రోడ్డు మధ్య నిలబడి కొంగు పట్టింది.

"దుప్పటి చింపినారు. ఇది నా కొంగు. దీని మీద చెయ్యేసే మొగోడెవుడో ముందుకు రాండి."

ఎవడూ రాలేదు. సిమెంటు అంగడి ధనలక్ష్మి మాత్రం మొగుడు పిలుస్తున్నా వినకుండా మెట్లు దిగింది.

"ఇటుకా సిమెంటూ నేనంపిస్తా. ఎవురికి చెప్పుకుంటారో చెప్పుకోమను."

ఆ వెనకే మరికొందరు ఆడవాళ్లు దిగారు.

గోడలు కిటికీల పైదాకా లేచాయి. అప్పుడొచ్చింది కబురు. తెల్లారి జీపులొస్తాయి, గోడలు పడగొడతారు.

తెల్లారింది. అంకాలమ్మ, జైనబు, ముగ్గురు ఆడపిల్లలు పచ్చి గోడలెక్కి కూర్చున్నారు. ఒళ్లో రాళ్లు, గుప్పిట కారంపొడి.

"దిగి పోదామంటే ఇప్పుడే చెప్పు పాపా," అంది అంకాలమ్మ.

"పూణేలో మా రూముకు బయట గొళ్లెం పెట్టినారు పెద్దమ్మా," అంది గురమ్మ. "ఈ ఇంటికి లోపల గొళ్లెం పెట్టుకోవల్ల. అది పెట్టినాకనే దిగేది."

జీపులొచ్చాయి. హారన్లు లేవు, కేకలు లేవు. మనిషి నడకతో వస్తున్నాయి. వాటి ముందు పాడె, పాడె ముందు పలకలు. నిప్పుకుండ పట్టినతను తల మీద తువ్వాల కప్పుకుని నేల చూస్తూ నడుస్తున్నాడు.

గోడ కింద కాపలా ఉన్న గౌస్ పలకలవాణ్ని ఆపాడు. "శ్మశానం ఏటి పక్క గదప్పా. ఈ దావనేంది?"

"ముసలామె మాటంట. ఇంట్లో దేనికో పట్టుబట్టి కూడు మానేసి పాయ. దింపుడుకళ్లం ఈ గోడల ముందరే పెట్టమని చెప్పి పోయిందంట."

పోయినవాళ్లలో ఇంకా ప్రాణముందేమోనని దారిలో పాడె దించి, కడుపున పుట్టినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది.

పాడె సరిగ్గా గుమ్మం ముందు దించారు.

అంకాలమ్మ గోడ దిగి వచ్చి ముఖం చూసింది. గుప్పిట్లో కారం నేల మీదికి రాలిపోయింది. బస్టాండులో తను వెళ్లగొట్టిన ముఖం.

నిప్పుకుండ కింద పెట్టి, తల మీది తువ్వాల తీసి, ఓబుళేశు మోకాళ్లూని వంగి ఆ చెవిలో "అమ్మా" అని పిలిచాడు.